వీడియో డిస్కుల బ్యాకప్

నిర్వచనం, పరిధి

సినిమా, నాటకం, కచేరీ, పెళ్లి వీడియో వంటివి నిక్షిప్తమైన వీసీడీ, డీవీడీ, బ్లూరే డిస్కులను కంప్యూటర్‌లో చదివి, అందులోని సమాచారాన్ని హార్డ్ డిస్కులోకో మరో ఖాళీ డిస్కులోకో ఎక్కించి అదనపు ప్రతిగా దాచుకోవడాన్ని వీడియో డిస్కుల బ్యాకప్ అంటారు. కంప్యూటర్‌లోకి దించుకోవడాన్ని వాడుకలో రిప్ చేయడమనీ, ఖాళీ డిస్కు మీదికి ఎక్కించడాన్ని రైట్ చేయడమనీ, బర్న్ చేయడమనీ వ్యవహరిస్తారు.

బ్యాకప్ వేరు, మార్పిడి వేరు. డిస్కులో ఉన్నది ఉన్నట్టుగా, మెనూలు, అదనపు ఆడియోలు, సబ్‌టైటిళ్లతో సహా తీసినదే అసలైన బ్యాకప్. ఫోన్‌లోనో టీవీలోనో చూసుకోవడానికి చిన్న ఫైలుగా కుదించినది వీక్షణ ప్రతి మాత్రమే. మొదటి దాని నుంచి రెండోదాన్ని ఎప్పుడైనా తయారు చేసుకోవచ్చు. రెండోది మాత్రమే ఉంచుకుని డిస్కు పారేస్తే మొదటిది ఇక దొరకదు. ఇళ్లలో జరిగే నష్టాలకు ఈ తేడా పట్టించుకోకపోవడం ఒక కారణం.

డిస్కులు పుట్టుకను బట్టి రెండు జాతులు. ఫ్యాక్టరీలో అచ్చు వేసిన సినిమా డిస్కు ఒకటి, స్టూడియోలోనో ఇంట్లోనో రైట్ చేసిన డిస్కు రెండోది. సినిమా డిస్కు పోతే మరో ప్రతి దొరికే అవకాశం ఉంటుంది. పెళ్లి డీవీడీకి అలాంటి అవకాశం లేదు. అయినా బ్యాకప్ గురించిన చర్చ ఎక్కువగా సినిమా డిస్కుల చుట్టూ, నకలు తీయకుండా వాటికి వేసిన తాళాల చుట్టూ తిరిగింది. తాళమే లేని ఇంటి డిస్కులు అల్మారాల్లో ఉండిపోయాయి.

చరిత్ర

వీసీడీ ప్రమాణాన్ని 1993లో ఫిలిప్స్, సోనీ, మత్సుషితా, జేవీసీ సంస్థలు రూపొందించాయి. అమెరికా, ఐరోపాల్లో అది పెద్దగా నిలవలేదు గాని ఆసియా దేశాల్లో విస్తృతంగా వ్యాపించింది. వీహెచ్ఎస్ క్యాసెట్ల స్థానంలో తెలుగు ఇళ్లలోకి మొదట అడుగుపెట్టిన డిస్కు ఇదే. గంటకు కాస్త పైగా మాత్రమే పట్టేది కనుక రెండున్నర గంటల తెలుగు సినిమా రెండు, ఒక్కోసారి మూడు డిస్కులుగా వచ్చేది.

డీవీడీ 1996 నవంబరులో జపాన్‌లోను, మరుసటి ఏడాది అమెరికాలోను అమ్మకానికి వచ్చింది. తొలినాళ్లలో డీవీడీని కంప్యూటర్‌లోకి తీయడం సామాన్యులకు అసాధ్యం. దానికి తాళం ఒక కారణమైతే, ఆనాటి హార్డ్ డిస్కుల పరిమాణం మరో కారణం. 1999 అక్టోబరులో డీసీఎస్ఎస్ అనే చిన్న ప్రోగ్రాం బయటపడి తాళాన్ని తీసేసింది. దానితో సంబంధం ఉందని నార్వే కుర్రవాడు యోన్ లెక్ యోహాన్సన్‌పై కేసు పెట్టారు. ప్రోగ్రాం బయటపడేనాటికి అతని వయసు 15 ఏళ్లు. తన సొంత డీవీడీలను చూసుకోవడం నేరం కాదంటూ ఓస్లో న్యాయస్థానం 2003 జనవరిలో అతన్ని నిర్దోషిగా విడిచిపెట్టింది. అదే ఏడాది డిసెంబరులో పై కోర్టు ఆ తీర్పును ఖాయపరిచింది.

అమెరికాలో గాలి ఎదురు దిశలో వీచింది. డీవీడీ ఎక్స్ కాపీ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ అమ్మిన 321 స్టూడియోస్ సంస్థ కోర్టులో ఓడి, 2004 ఆగస్టులో మూతపడింది. నకలును మళ్లీ తాళం వేసే దాచిపెడతామన్న రియల్‌నెట్‌వర్క్స్ వారి రియల్‌డీవీడీకి కూడా 2009లో కోర్టు అడ్డుకట్ట వేసింది. ఆ మధ్య కాలంలోనే ఉచితంగా దొరికిన డీవీడీ ష్రింక్ ఎంతో ప్రచారం పొందింది. రెండు పొరల డీవీడీని ఒక పొర డిస్కులో పట్టేలా కుదించడం దాని ప్రత్యేకత. ఖాళీ డీవీడీలు చవకై, రెండు పొరల ఖాళీ డిస్కులు ఇంకా ఖరీదుగా ఉన్న కాలానికి అది అచ్చంగా సరిపోయింది.

భారతదేశంలో మోజర్ బేయర్ సంస్థ 2007 ప్రాంతంలో సినిమా వీసీడీలను 28 రూపాయలకు, డీవీడీలను 34 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టింది. అద్దెకు తెచ్చి చూసే కుటుంబాలు కొని దాచుకునే అలవాటుకు వచ్చాయి. ఆ సంస్థ 2018లో లిక్విడేషన్‌కు వెళ్లింది. ఆ డిస్కులు మాత్రం ఇళ్లలో ఇంకా ఉన్నాయి.

వీసీడీ నిర్మాణం (చూ. ఎంపెగ్)

వీసీడీలో దృశ్యం ఎంపెగ్-1 పద్ధతిలో ఉంటుంది. పాల్ టీవీ విధానంలో 352 × 288 బిందువులు, సెకనుకు 25 చట్రాలు. దృశ్యానికి సెకనుకు 1,150 కిలోబిట్లు, శబ్దానికి 224 కిలోబిట్లు కేటాయించారు. కంప్యూటర్‌లో పెట్టి చూస్తే ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డరులో ఏవీసెక్01.డాట్ అనే పెద్ద ఫైలు కనిపిస్తుంది. అదే సినిమా.

ఇక్కడ చాలామందికి అంతుపట్టని విషయం ఒకటి ఉంది. 700 మెగాబైట్లు పట్టే డిస్కు నుంచి దాదాపు 800 మెగాబైట్ల ఫైలు వస్తుంది. మామూలు డేటా సీడీలో ఒక్కో సెక్టారులో 2,048 బైట్లే వాడకానికి దొరుకుతాయి, మిగతాది తప్పులను సరిదిద్దే అదనపు సంకేతానికి పోతుంది. వీసీడీలో సినిమా ఉన్న భాగంలో ఆ అదనపు కాపలా తీసేసి, సెక్టారుకు 2,324 బైట్ల చొప్పున సినిమానే నింపారు. దీని వల్ల నిడివి పెరిగింది, దెబ్బ తట్టుకునే శక్తి తగ్గింది. గీత పడ్డ వీసీడీలో బొమ్మ గళ్లుగళ్లుగా విరిగిపోవడానికి ఇదొక ప్రధాన కారణం. సెక్టారుకు 2,048 బైట్లను మాత్రమే ఉంచే ఐఎస్ఓ ఫైలు వీసీడీకి పనికిరాకపోవడానికీ ఇదే కారణం. వీసీడీకి 2,352 బైట్ల ముడి సెక్టార్లను తీసే బిన్, క్యూ ఫైళ్ల జంట కావాలి. సినిమా ఒక్కటే చాలనుకుంటే డాట్ ఫైలును కాపీ చేసుకున్నా సరిపోతుంది. వీఎల్‌సీ వంటి ప్లేయర్లు దాన్ని నేరుగా ఆడిస్తాయి.

డీవీడీ నిర్మాణం

ఒక పొర డీవీడీలో 4.7 గిగాబైట్లు, రెండు పొరల దానిలో 8.5 గిగాబైట్లు పడతాయి. 1,024 గుణకాల లెక్కన విండోస్ వీటిని 4.37, 7.95గా చూపిస్తుంది. అంతమాత్రాన డిస్కులో లోపం ఉన్నట్టు కాదు. దృశ్యం ఎంపెగ్-2లో, పాల్ అయితే 720 × 576, మరో టీవీ విధానమైన ఎన్‌టీఎస్‌సీ అయితే 720 × 480 బిందువుల్లో ఉంటుంది. ఎనిమిది వరకు ఆడియోలు, 32 వరకు సబ్‌టైటిళ్లు ఉండవచ్చు. సబ్‌టైటిళ్లు అక్షరాలుగా కాక బొమ్మలుగా నిక్షిప్తమై ఉంటాయి, అందుకే వాటిని పాఠంగా మార్చడం వేరే శ్రమ.

వీడియో_టీఎస్ ఫోల్డరులో మూడు రకాల ఫైళ్లు కనిపిస్తాయి. దృశ్యం, శబ్దం, సబ్‌టైటిళ్లు కలిసి ఉన్నవి వీఓబీ ఫైళ్లు. ఒక్కోటి ఒక గిగాబైటుకు మించదు కనుక సినిమా నాలుగైదు ముక్కలుగా ఉంటుంది. ఏ అధ్యాయం ఎక్కడ మొదలవుతుందో, మెనూలో ఏది నొక్కితే ఎక్కడికి వెళ్లాలో చెప్పేవి ఐఎఫ్ఓ ఫైళ్లు. వాటికి అక్షరం పొల్లుపోని నకళ్లు బీయూపీ ఫైళ్లు. ఒక చోట గీత పడితే రెండూ పోకుండా వీటిని డిస్కులో దూరదూరంగా ఉంచాలని ప్రమాణమే నిర్దేశించింది. డీవీడీ తన బ్యాకప్‌ను కొంతవరకు తానే మోసుకు తిరుగుతుందన్నమాట. వీఓబీ ఫైళ్లను మాత్రమే కాపీ చేసుకుని మిగతావి వదిలేస్తే మెనూలు, అధ్యాయాలు పోతాయి. ఒక్కోసారి ముక్కల మధ్య శబ్దం, బొమ్మ కలవవు.

బ్లూరే నిర్మాణం

2006లో మార్కెట్‌లోకి వచ్చిన బ్లూరేలో ఒక పొరకు 25 గిగాబైట్లు. 2016లో వచ్చిన అల్ట్రా హెచ్‌డీ డిస్కులు 100 గిగాబైట్ల దాకా పట్టుకుంటాయి. బీడీఎంవీ ఫోల్డరులోని స్ట్రీమ్ అనే ఉపఫోల్డరులో ఎం2టీఎస్ ఫైళ్లు ఉంటాయి. వాటిని ఏ వరుసలో ఆడించాలో ప్లేలిస్ట్ ఫైళ్లు చెబుతాయి. కొన్ని డిస్కుల్లో తప్పుదారి పట్టించడానికి వందల కొద్దీ ప్లేలిస్టులు పెడతారు.

డిస్కులు పాడయ్యే తీరు

సీడీ, వీసీడీల్లో సమాచారం ఉన్న లోహపు పొర లేబుల్ వైపు పలుచని లక్క పూత కిందే ఉంటుంది. కింది వైపు పడ్డ గీతను పాలిష్ చేసి కొంత బాగుచేయవచ్చు. లేబుల్ వైపు పెచ్చు లేస్తే అక్కడి సమాచారం ఇక లేనట్టే. డీవీడీలో ఆ పొర రెండు 0.6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పలకల మధ్య ఉంటుంది కనుక కాస్త పదిలం. అయితే అతుకు విడిపోయి గాలి, తేమ లోపలికి చేరితే లోహం తుప్పుపట్టినట్టు మసకబారుతుంది. 2006 నుంచి 2008 మధ్య తయారైన కొన్ని వార్నర్ బ్రదర్స్ డీవీడీలు ఇలాగే పాడయ్యాయని ఆ సంస్థ 2025లో అంగీకరించింది. అవి ఎవరూ సరిగా వాడక పాడైనవి కావు, అల్మారాలో కదలకుండా కూర్చునే పాడయ్యాయి.

రైట్ చేసిన డిస్కుల సంగతి ఇంకా సున్నితం. వాటిలో అచ్చు గుంటలకు బదులు రంగు రసాయనపు పొర ఉంటుంది. ఎండ, వేడి, తేమ ఆ రంగును నెమ్మదిగా వెలిసిపోయేలా చేస్తాయి. కోస్తా జిల్లాల ఉక్కపోతలో టీవీ మీద పెట్టిన డిస్కుకు ఈ మూడూ తప్పవు. పెళ్లి డీవీడీల మీద వధూవరుల ఫొటోతో అతికించే కాగితపు స్టిక్కరు మరో సమస్య. ఒక అంచు లేస్తే చాలు, డిస్కు తిరిగేటప్పుడు తూకం తప్పి డ్రైవు చదవలేక మొరాయిస్తుంది.

డిస్కును తుడిచేటప్పుడు మధ్య నుంచి అంచుకు నిలువుగా తుడవాలి, గుండ్రంగా తిప్పి తుడవకూడదు. సమాచారం వలయాలు వలయాలుగా చుట్టుకున్న ఒకే దారిలో ఉంటుంది. అడ్డంగా పడ్డ గీత ఒక్కో వలయంలో కొంచెమే చెరుపుతుంది కనుక సరిదిద్దే సంకేతం దాన్ని పూరిస్తుంది. వలయం వెంట పడ్డ గీత ఒకే చోట ఎక్కువ సమాచారాన్ని వరుసగా తినేస్తుంది.

నకళ్ల రకాలు

డిస్కు మొత్తాన్ని మొదటి సెక్టారు నుంచి చివరి సెక్టారు దాకా ఒకే ఫైలుగా తీస్తే అది డిస్కు ఇమేజ్. డీవీడీకైతే ఐఎస్ఓ రూపంలో ఉంటుంది. దాని నుంచి ఖాళీ డిస్కు మీద మళ్లీ అచ్చంగా అలాంటి డిస్కునే రైట్ చేయవచ్చు. వీడియో_టీఎస్ ఫోల్డరును ఉన్నదున్నట్టు కాపీ చేయడం రెండో పద్ధతి. మూడోది, బొమ్మను ముట్టుకోకుండా డబ్బా మాత్రం మార్చడం. ఎంపెగ్-2 దృశ్యం, శబ్దం యథాతథంగా ఎంకేవీ ఫైలులోకి చేరతాయి. నాణ్యత ఏమీ తగ్గదు, మెనూలు మాత్రం పోతాయి. మేక్‌ఎంకేవీ అనే సాఫ్ట్‌వేర్ ఈ కోవలోది. నాలుగోది మళ్లీ కుదించడం (చూ. కుదింపు, కింద).

పెళ్లి వీడియోలకు మొదటి పద్ధతే తగినది. మెనూలో వేసిన పాట, అధ్యాయాలకు పెట్టిన పేర్లు, ఆ కాలపు స్టూడియో అలంకరణలు కూడా ఆ డిస్కులో భాగమే. వాటిని అనవసరమని తీసేసే హక్కు ముందు తరానికి ఉండకూడదు.

తాళాలు, ప్రాంతీయ సంకేతాలు

సినిమా డీవీడీల్లో చాలావాటికి సీఎస్ఎస్ అనే తాళం ఉంటుంది. దాని తాళంచెవి పొడవు 40 బిట్లు. డిస్కుకు ఒక చెవి, ఒక్కో చిత్ర భాగానికి ఒక చెవి ఉంటాయి. డిస్కు చెవులు మామూలు ఫైళ్లలో కాక డిస్కు ఆరంభంలోని ప్రత్యేక ప్రాంతంలో ఉంటాయి. మామూలు ఖాళీ డీవీడీల్లో ఆ ప్రాంతంలో రాయడం కుదరకుండా చేశారు. అందుకే తాళం ఉన్న డీవీడీ ఫైళ్లను నేరుగా కాపీ చేస్తే ఫైళ్లు వచ్చినట్టే ఉంటాయి, ఆడిస్తే బొమ్మ ముక్కలుముక్కలుగా కనిపిస్తుంది. బ్లూరేలో ఏఏసీఎస్ అనే తాళం ఇంతకంటే బలమైనది, దాని చెవులు ఎప్పటికప్పుడు మారుతుంటాయి. కొన్ని డిస్కుల మీద బీడీ ప్లస్ అనే అదనపు రక్షణ కూడా ఉంది. స్టూడియోల్లో, ఇళ్లలో రైట్ చేసిన డిస్కులకు ఇవేవీ ఉండవు.

ప్రాంతీయ సంకేతం వేరే సంగతి. డీవీడీ ప్రపంచాన్ని ప్రాంతాలుగా విభజించినప్పుడు అమెరికా, కెనడా ఒకటో ప్రాంతంలోకి, భారతదేశం ఐదో ప్రాంతంలోకి వచ్చాయి. బ్లూరేలో భారత్‌ది సి ప్రాంతం. 2000 సంవత్సరం నుంచి వచ్చిన కంప్యూటర్ డీవీడీ డ్రైవుల్లో ప్రాంతాన్ని ఐదుసార్లే మార్చుకోవచ్చు, ఆ తరువాత చివరిదే ఖాయమైపోతుంది. అమెరికా నుంచి డిస్కులు తెచ్చుకునే కుటుంబాలకు ఇది తెలియకపోతే డ్రైవు ఒక ప్రాంతానికే బిగుసుకుపోతుంది. తెలుగు సినిమా డీవీడీలు చాలావరకు అన్ని ప్రాంతాల్లో ఆడేలా వచ్చాయి. విదేశాల్లోని తెలుగువారి మార్కెట్‌ను దృష్టిలో పెట్టుకుని ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో తయారైనవీ వాటిలో ఎన్నో ఉన్నాయి.

చట్టపరమైన స్థితి (చూ. కాపీరైట్ చట్టం, 1957)

భారత కాపీరైట్ చట్టంలోని 52(1)(ఏ) నిబంధన వ్యక్తిగత లేదా సొంత వాడకం కోసం చేసే న్యాయమైన వినియోగాన్ని ఉల్లంఘనగా పరిగణించదు. 2012 జూన్ 21 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ దీని పరిధిని సినిమాలతో సహా అన్ని రకాల కృతులకూ విస్తరించింది. కంప్యూటర్ ప్రోగ్రాములకు మాత్రం బ్యాకప్ గురించి వేరుగా నిబంధన ఉంది. 52(1)(ఏ)లో చెప్పిన సొంత వాడకం వంటి ప్రయోజనాల కోసం కృతిని ఎలక్ట్రానిక్ మాధ్యమంలో నిల్వ చేయడం ఉల్లంఘన కాదని వివరణలో చెప్పారు. అదే సవరణతో వచ్చిన 65ఏ నిబంధన సాంకేతిక రక్షణలను ఛేదించడాన్ని నేరంగా పేర్కొంది. శిక్ష రెండేళ్ల వరకు జైలు, జరిమానా. అయితే హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో చేసినప్పుడే అది వర్తిస్తుంది. చట్టం స్పష్టంగా నిషేధించని పని కోసమైతే మినహాయింపు ఉంది. కొన్న డిస్కుకు ఇంట్లో ఒక ప్రతి ఉంచుకోవడానికీ, ఆ ప్రతిని పంచడానికీ, అమ్మడానికీ మధ్య చట్టం గీసిన గీత ఇక్కడ తేటగానే కనిపిస్తుంది. అద్దె డిస్కుకు నకలు తీయడం మొదటి కోవలోకి రాదు.

అమెరికాలో 1998 నాటి డిజిటల్ మిలీనియం కాపీరైట్ చట్టం ఉద్దేశంతో పెద్దగా నిమిత్తం లేకుండా తాళం తీయడాన్నే నిషేధించింది. మూడేళ్లకోసారి కొన్ని మినహాయింపులు ప్రకటిస్తారు. జర్మనీలో సొంత నకలుకు అనుమతి ఉంది, తాళం తీయడానికి లేదు. బ్రిటన్ 2014 అక్టోబరులో సొంత నకలును అనుమతించింది, మరుసటి ఏడాది జులైలో హైకోర్టు ఆ నిబంధనలను కొట్టేసింది. స్వయంగా చిత్రీకరించుకున్న వీడియో డిస్కుల విషయంలో ఏ దేశంలోనూ ఈ చిక్కులు లేవు.

పాడైన డిస్కు నుంచి తీయడం

మామూలు కాపీ చదవలేని చోటికి రాగానే ఆగిపోతుంది. సరిగ్గా తలంబ్రాల దగ్గర గీత పడితే ఆ తరువాతి అప్పగింతల దాకా అంతా చేజారుతుంది, అక్కడి సమాచారం నిక్షేపంలా ఉన్నా సరే. దీనికి విరుగుడు గ్నూ డీడీరెస్క్యూ వంటి సాధనాలు. అది ముందు తేలిగ్గా వచ్చే భాగాలన్నిటినీ లాగేస్తుంది. కష్టమైన చోట్లను ఒక మ్యాప్ ఫైలులో గుర్తు పెట్టుకుని, చివర్లో వాటి దగ్గరికే తిరిగొచ్చి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. మధ్యలో ఆపి మర్నాడు కొనసాగించవచ్చు. డ్రైవు మార్చి కూడా కొనసాగించవచ్చు. ఒక డ్రైవు చదవలేనిది మరో డ్రైవు చదవడం సాధారణమే. వేగం తగ్గించి చదివించినా ఫలితం ఉంటుంది.

ఈ మ్యాప్ ఫైలు వల్ల పెళ్లి డీవీడీలకు ఒక విశేషమైన మేలుంది. స్టూడియోవారు ఒకే ఇమేజ్ నుంచి ఆడపెళ్లివారికి ఒకటి, మగపెళ్లివారికి ఒకటి రైట్ చేసి ఇచ్చి ఉంటే, రెండు డిస్కుల్లోనూ సెక్టార్లు ఒకే వరుసలో ఉంటాయి. ఒకదాని నుంచి రాని భాగాలను అదే మ్యాప్ ఫైలుతో రెండోదాని నుంచి పూరించవచ్చు. రెండు కుటుంబాల డిస్కుల మీదా గీతలున్నా, ఒకే చోట లేకపోతే పూర్తి వీడియో తిరిగొస్తుంది. రెండు డిస్కులను వేర్వేరుగా ఎడిట్ చేసి ఉంటే మాత్రం ఇది పనిచేయదు. కలపబోయే ముందు రెండింటి పరిమాణం బైటుతో సహా సమానమో కాదో చూసుకోవాలి.

కొన్ని డిస్కులు గీతలు లేకపోయినా కంప్యూటర్‌లో ఖాళీగా కనిపిస్తాయి. డీవీడీ హ్యాండీక్యామ్‌తో తీసిన 8 సెంటీమీటర్ల చిన్న డిస్కులు ఇందుకు ఉదాహరణ. వీటిలో 1.4 గిగాబైట్లు, మామూలు నాణ్యతలో 30 నిమిషాలు పడతాయి. చిత్రీకరణ ముగించాక ఫైనలైజ్ చేయకపోతే ఆ క్యామెరా తప్ప మరే యంత్రమూ వాటిని సరిగా గుర్తించదు. క్యామెరా పనిచేస్తుంటే అందులోనే పెట్టి ఫైనలైజ్ చేయాలి. ట్రే లేకుండా సందులోకి దూర్చే డ్రైవుల్లో ఈ చిన్న డిస్కులను పెట్టకూడదు, లోపల ఇరుక్కుపోతాయి.

కుదింపు (చూ. వీడియో కోడెక్)

వీక్షణ ప్రతి తయారీకి ఎక్కువగా వాడేది హ్యాండ్‌బ్రేక్. 2003లో మొదలైన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ ఎంపెగ్-2ను హెచ్.264 లేదా హెచ్.265గా మారుస్తుంది, తాళాలు మాత్రం తీయదు. డీవీడీ నాణ్యతకు స్థిర నాణ్యత సంఖ్యను 18 నుంచి 22 మధ్య ఉంచమని దాని మార్గదర్శకాలు చెబుతాయి. సంఖ్య తగ్గేకొద్దీ నాణ్యత, పరిమాణం పెరుగుతాయి.

పెళ్లి వీడియోల్లో ఇంకో జాగ్రత్త కావాలి. పాత క్యామెరాలు సెకనుకు 25 పూర్తి చట్రాలకు బదులు 50 సగం చట్రాలను తీసేవి. వాటిని మామూలుగా కుదిస్తే కదిలే చేతుల చుట్టూ దువ్వెన పళ్లలాంటి గీతలు వస్తాయి. ప్రతి సగాన్నీ పూర్తి చట్రంగా సాగదీసి సెకనుకు 50 చట్రాల వీడియోగా మారిస్తే నాట్యం, ఊరేగింపు మొదట్లో కనిపించినంత సాఫీగా ఉంటాయి. తక్కువ చట్రాలకు కుదించి, అసలును పారేశాక ఈ సాఫీతనాన్ని తిరిగి తేలేరు.

నిల్వ, తనిఖీ

రెండు పొరల డీవీడీలు 200 ఉన్నా వాటి ఇమేజ్‌లన్నీ 1.7 టెరాబైట్లకు మించవు, ఒక 2 టెరాబైట్ల హార్డ్ డిస్కులో పడతాయి. అయితే ఆ ఒక్క డిస్కే ఉంటే అది బ్యాకప్ అనిపించుకోదు. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే చోట అన్నది ఈ రంగంలో స్థిరపడిన సూత్రం. పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్న కుటుంబాలకు ఆ వేరే చోటు చేతికందేదే.

ఇమేజ్ తీసిన వెంటనే దాని ఎస్‌హెచ్‌ఏ-256 సంకేతాన్ని లెక్కించి పక్కన ఫైలుగా ఉంచితే, ఏళ్ల తరువాత ప్రతి చెడిందో లేదో నిమిషాల్లో తేలిపోతుంది. ఫైలు పేరులో ఊరు, సంవత్సరం, డిస్కు సంఖ్య ఉండాలి. సంకేతం సరిపోయినా వీడియోను ఆరంభంలో, మధ్యలో, చివరలో కొంతసేపు ఆడించి చూడాలి. అసలు డిస్కే సగం ఖాళీగా రైట్ అయి ఉంటే సంకేతం ఆ సంగతి చెప్పదు.

ప్రస్తుత స్థితి

డిస్కుల కంటే ముందు డిస్కులను చదివే యంత్రాలు కనుమరుగవుతున్నాయి. ఇప్పుడు వచ్చే ల్యాప్‌టాప్‌లలో దాదాపు దేనికీ డిస్కు డ్రైవు ఉండదు, బయట నుంచి యూఎస్‌బీతో తగిలించే డ్రైవు కొనాలి. నెట్‌ఫ్లిక్స్ 2023 సెప్టెంబరులో డీవీడీల అద్దె సేవ ఆపేసింది. సోనీ 2025 ఫిబ్రవరితో రైట్ చేసే బ్లూరే డిస్కుల తయారీ విరమించింది. ఇంటెల్ 2021 నుంచి తన కొత్త డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఒక భద్రతా సదుపాయాన్ని తొలగించడంతో, వాటితో నడిచే కంప్యూటర్లలో అల్ట్రా హెచ్‌డీ బ్లూరేలను అధికారిక ప్లేయర్లు ఆడించలేకపోయాయి. డిస్కు కొన్నవారి చేతిలోనే ఉంది, చూసే వీలు పోయింది.

ఓటీటీల్లో కొత్త సినిమాలు, పేరున్న పాత సినిమాలు దొరుకుతున్నాయి. పరిషత్తు నాటకాలు, హరికథలు, ఊరి ఉత్సవాలు, కళాశాల వార్షికోత్సవాలు స్థానిక స్టూడియోలు తీసిన వీసీడీల్లో, డీవీడీల్లోనే ఉన్నాయి. వాటిని కాపాడే పని ఏ సంస్థ పరిధిలోకీ రాదు. డిస్కు ఎవరి అల్మారాలో ఉంటే వారే చేయాలి. వరుసలో ముందు పెళ్లి, నాటకం వంటి ఒకే ప్రతి ఉన్న రైట్ చేసిన డిస్కులు, తరువాత మళ్లీ దొరకని వీసీడీలు, చివరగా సినిమా డీవీడీలు, బ్లూరేలు రావాలి.